వృత్తి, వేతనము, విశ్రాంతి: భాగ్యనగరపు తూర్పు వాకిట మన వారి జీవనచరిత్ర



మన మహాసభ వార్షిక సంచికలయందు కులపు ప్రాచీనతను గూర్చియు, పూర్వుల నేతనేర్పును గూర్చియు పెద్దలు పెక్కు వ్యాసములు వ్రాసియున్నారు. అగ్గిపెట్టెలో నిమిడిన చీర కథను విని పొంగిపోవని పద్మశాలి లేడు. ఆ పొంగు మంచిదే. కాని సభ ముగిసి భోజనములైన పిమ్మట, పందిరిక్రింద తలిదండ్రులు తమలో తాము మాటలాడుకొను మాట వేరు. “మా అబ్బాయి డిగ్రీ ముగించినాడు, ఇక నే దారిని పెట్టుదుము?” అని యొకరు. “అమ్మాయికి కంపెనీలో మంచి జీతము దొరకినది గాని కంటికి నిద్ర లేదు, మానుమందుమా, వలదందుమా?” అని మరియొకరు. ఆ మాటలే నేటి మన కులచరిత్రలో నసలైన ప్రకరణములు. కావున ఈ సారి మేము పురాణమును కొంత పక్కనుంచి, మన వారు ఏ పని చేసి బ్రదికిరి, ఆ పనివలన నేమి పొందిరి, ఏమి పోగొట్టుకొనిరి యను విషయమును విచారింప బూనితిమి.

ఏ వృత్తినైనను కొలుచుటకు మూడు కొలతలు కలవు. కడుపునకు చాలిన కూలి యొకటి. ఈ పని నలుగురకు పనికివచ్చునది యను తృప్తి రెండవది. దేహమును మనస్సును కుంగదీయని శ్రమ మూడవది. ఈ మూడును సమముగా నున్న పని దొరకుట దుర్లభము. అట్లని వెదకుట మానరాదు. మన వారు ఒక్కొక్క కాలమున నొక్కొక్క కొలతను మాత్రమే పట్టుకొని తక్కిన రెంటిని మరచిరని మా యభిప్రాయము. దానిని నిరూపించుటకు దూరదేశములకు పోనక్కరలేదు. దిల్‌సుఖ్‌నగరమునుండి ఎల్.బి. నగరము వరకు నడచిన చాలును.

తూర్పు వాకిలి

భాగ్యనగరమునకు తూర్పున మూసీనది దాటిన పిమ్మట మలకుపేట, దిల్‌సుఖ్‌నగరము, కొత్తపేట, ఎల్.బి. నగరము వరుసగా వచ్చును. దిల్‌సుఖ్‌నగరము పూర్వము పొలములుండిన చోటు. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అను భూస్వామి తన భూములను ఇండ్ల స్థలములుగా విభజించి విక్రయింపగా ఆయన పేరే నిలిచెనని పెద్దలు చెప్పుదురు. ఎల్.బి. నగరము మన రెండవ ప్రధానమంత్రి లాలుబహదూరు శాస్త్రిగారి పేరు దాల్చినది. ఈ రెంటికిని నడుమ, సరూరునగరమున, ఆరవ నిజాము మహబూబు అలీఖాను కాలమున విక్టోరియా రాణి స్మారకముగా అనాథబాలుర కొక యాశ్రయగృహము వెలసెను. నేడు దానిప్రక్కనున్న మెట్రో స్టేషనునకు ఆ పేరే పెట్టబడినది.

ఎల్.బి. నగరపు కూడలినుండి యొక దారి చౌటుప్పలు, సూర్యాపేట మీదుగా విజయవాడకు పోవును. మరియొకటి ఇబ్రహీంపట్టణము మీదుగా నాగార్జునసాగరమునకు పోవును. నల్లగొండ మండలపు జనులకు ఇదియే పట్టణపు గడప. పొలము పండక వచ్చినవాడును, మగ్గము సాగక వచ్చినవాడును, చదువుకొన వచ్చినవాడును ముందు దిగునది యిచ్చటనే. మన కులస్థులకు పేరెన్నికగన్న పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెము మొదలగు నేతపల్లెలును ఈ దిక్కుననే యున్నవి. 1951 వ సంవత్సరమున వినోబాభావేగారికి వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరముల నిచ్చి భూదానోద్యమమునకు నాంది పలికిన పోచంపల్లి ఇదియే. ఈ పల్లెలకును దిల్‌సుఖ్‌నగరమునకును నడుమనున్న దారి పొడవు స్వల్పము. కాని ఒక తరమువారు మగ్గపుగుంటనుండి లేచి ఆ దారిని నడచివచ్చుటయందు మన చరిత్ర యంతయు నిమిడియున్నది.

గుంటమగ్గము నాటి లెక్క

నేతపని యొకని పని కాదు, ఇంటిల్లిపాది పని. తెల్లవారుజామున వీధిలో పడుగు సాచి గంజి పెట్టుట యిరుగుపొరుగువారి సాయముతో జరుగు కార్యము. ముసలివారు దారము తోడుదురు. పిల్లలు కండెలు చుట్టుదురు. ఇల్లాలు ఆసు పోయును. యజమాని గుంటలో కూర్చుండి నాడె విసరును. 20 వ శతాబ్ది తొలి దశకములలో చీరాల ప్రాంతమునుండి మన పల్లెలకు వచ్చిన చిటికీ పనితనము, అనగా నూలును ముందే ముడులు కట్టి రంగులద్ది పిమ్మట నేయుట, ఈ శ్రమకు మరింత సూక్ష్మతను చేర్చెను. నేయకముందే నమూనా యావత్తును మనస్సులో చూడగలవాడే ఆ పని చేయగలడు.

ఈ పనియందు తృప్తికి లోటు లేదు. తన చేతిలో నొక వస్తువు మొదటినుండి చివరివరకు రూపొందుట చూచువానికి, ఇది యెందుకు చేయుచున్నానను సందేహము కలుగదు. వేళలును కొంతవరకు తన చేతిలోనివే. ఎండ హెచ్చినప్పుడు లేచి, చల్లబడిన పిమ్మట కూర్చుండవచ్చును. పండుగనాడు మగ్గమునకు సెలవు. కాని నూలు ఎవ్వరిది? సావుకారుది. రంగు ఎవ్వరిది? సావుకారుది. చీర వెల నిర్ణయించు వాడెవ్వడు? సావుకారే. కావున నాడె నేతగాని చేతిలో నుండెను గాని లెక్కపుస్తకము వాని చేతిలో లేదు. ఇల్లాలి కూలి లెక్కలోనికే రాలేదు. ఆమె ఆసు పోసిన గంటలన్నియు భర్త కూలిలో కలిసి కనబడకుండ పోయెను.

ఈ స్థితి గతించినది కాదు. 2019-20 వ సంవత్సరపు అఖిల భారత చేనేత గణనలో ఈ పనిమీద నాధారపడిన కార్మికులు 35 లక్షలకు పైబడి తేలిరి. ఆ కుటుంబములలో మూడింట రెండు వంతులవారి నెలసరి రాబడి 5,000 రూపాయలకు లోబడియుండెను. చేనేతను సభలయందు పొగడువారు నాడును గలరు, నేడును గలరు. పొగడ్త కూలి కాదు. “మీది కళ, మీది దైవదత్తమైన విద్య” యని చెప్పి తక్కువ వెల యిచ్చువాడు మన తృప్తినే మనకు జీతముగా లెక్కగట్టుచున్నాడని గ్రహింపవలెను. కులవృత్తిని విడువరాదని యుపన్యసించువారిలో తమ పిల్లలను మగ్గమున కూర్చుండబెట్టినవారు ఎందరో యెవరికి వారే చెప్పుకొనవలెను.

కూలి చాలక మన వారు షోలాపురమునకు, భీవండికి, బొంబాయికి పోయిరి. అచ్చట మరమగ్గములందును మిల్లులందును కూలి కొంత హెచ్చు. కాని వేళలు యంత్రముచేతిలోనికి పోయెను. ఆ కాలమున బ్రిటిషు ఇండియాలో ఫ్యాక్టరీ చట్టముననుసరించి 1922 లో వారమునకు 60 గంటల పనియు, 1934 లో 54 గంటల పనియు హద్దుగా నుండెను. 48 గంటల హద్దు 1940 దశకపు చివరిభాగమునగాని స్థిరపడలేదు. మన ఓరుగల్లున 1934 లో ఆజంజాహీ మిల్లు వెలసి వేలమందికి అన్నము పెట్టి, పిమ్మట మూతపడెను. 1982 లో బొంబాయి మిల్లు కార్మికుల మహాసమ్మె పిమ్మట అచ్చటి తెలుగువారు పెక్కుమంది యుపాధి కోల్పోయిరి. మగ్గమున తృప్తి యుండి కూలి లేకపోయెను. మిల్లున కూలి యుండి స్వాతంత్ర్యము లేకపోయెను, తుదకు మిల్లే లేకపోయెను.

నౌకరి మీద మోజు

ఇట్టి యనుభవమువలన మన పెద్దలకు సర్కారు నౌకరి స్వర్గతుల్యముగా తోచుటయందు వింత లేదు. నెల తిరుగగానే జీతము, ముసలితనమున పింఛను, ఊరిలో మర్యాద. కాని నిజాము రాజ్యమున తెలుగువానికి ఆ తలుపు సులభముగా తెరవబడలేదు. కచేరీల భాష ఉర్దూ. 1918 లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. 1921 లో హైదరాబాదున జరిగిన యొక సంస్కారసభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభలోనివారు గేలిచేసిరనియు, ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెననియు మనకు తెలిసినదే.

ఆ దినములలో కులసంఘములు చేసిన మేలు మరవరానిది. 1906 లో భాగ్యరెడ్డివర్మగారు జగన్మిత్రమండలిని స్థాపించి దళితబాలుర చదువునకు దారి తీసిరి. 1918 లో రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారు రెడ్డి హాస్టలును నెలకొల్పిరి. పల్లెనుండి వచ్చిన బాలునకు పట్టణమున అన్నమును, పడకయు, పుస్తకములును సమకూర్చిన చాలును, చదువు దానంతటదే సాగునని యా పెద్దలు గ్రహించిరి. ఆ హాస్టలునకు కార్యదర్శిగా నుండిన సురవరము ప్రతాపరెడ్డిగారు న్యాయశాస్త్రము చదివియు ధనార్జననే లక్ష్యముగా పెట్టుకొనక 1926 లో గోలకొండపత్రికను స్థాపించి, నిజాము రాష్ట్రమున కవులే లేరనువారికి సమాధానముగా 1934 లో 354 గురు కవుల రచనలతో సంచికను ప్రకటించిరి. తృప్తినే ప్రధానముగా నెన్నుకొన్నవారి కిది యుదాహరణము.

మన కులమున ఇట్టివాడు కొండా లక్ష్మణు బాపూజీగారు. 1915 లో ఆదిలాబాదు మండలపు వాంకిడిలో జన్మించి, న్యాయవాదియై, నేతగాండ్ర లెక్కపుస్తకము నేతగాండ్రచేతిలోనే యుండవలెనని సహకారసంఘముల నుద్ధరించి, మంత్రిపదవి నధిష్ఠించి, 1969 లో ప్రత్యేక తెలంగాణము కొరకు ఆ పదవిని విడిచిరి. ఆ సంవత్సరపు ఉద్యమమునకు మూలము నౌకరీలే గదా! 1956 లో రాష్ట్రములు కలిసినపుడు స్థానికుల కిచ్చిన రక్షణలు అమలుకాలేదను నాగ్రహమే విద్యార్థులను వీథులకెక్కించెను. తెలంగాణమున ఉద్యోగమన్నది జీతపుమాట మాత్రమే కాదు, అది గౌరవపుమాట. ఈ సంగతి తెలియనివారికి దిల్‌సుఖ్‌నగరపు వీథులలోని సమ్మర్దము బోధపడదు.

దిల్‌సుఖ్‌నగరపు విద్యావిపణి

గడచిన మూడు దశాబ్దములలో దిల్‌సుఖ్‌నగరము పేరు చెప్పగానే స్ఫురించునవి కోచింగు కేంద్రములును హాస్టళ్లును. 1998 లో నగరపు పడమట సైబరు టవర్సు తెరువబడిన నాటినుండి కంప్యూటరు నేర్పు విద్యాలయములు అమీరుపేటయందును, ఇచ్చటను పుట్టగొడుగులవలె మొలచెను. వాటితోపాటు బ్యాంకు పరీక్షలకును, ఉపాధ్యాయనియామకమునకును, పోలీసు కొలువులకును, రైల్వేకును తరిఫీదునిచ్చు కేంద్రములు మేడమీద మేడగా వెలసెను. ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు మంచములు వేసికొని, ఫలహారశాలలో రెండు పూటలు తిని, చదువుశాలలో అర్ధరాత్రి వరకు కూర్చుందురు. 2013 ఫిబ్రవరి 21 న ఈ రద్దీనడుమనే బాంబులు ప్రేలి అమాయకులు మరణించిరి. ఆ దుఃఖమును దిగమ్రింగి వీథి మరల నిండెను. ఏలయన పల్లెనుండి వచ్చువానికి వేరొక వీథి లేదు.

ఈ ఆశ యెంత యిరుకైనదో యొక యుదాహరణము చాలును. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట తొలి గ్రూపు-1 ప్రకటన 2022 ఏప్రిలున వెలువడెను. పదవులు 503. దరఖాస్తులు 3 లక్షల 80 వేలు. అనగా పదవి యొక్కింటికి 750 మందికి పైగా. ఆ సంవత్సరము అక్టోబరున జరిగిన ప్రాథమికపరీక్ష, ప్రశ్నపత్రములు బయలుపడుటచే 2023 మార్చిలో రద్దయ్యెను. మరల జూనున జరిగినదియు న్యాయస్థానమున కొట్టివేయబడెను. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటనయే రద్దై 563 పదవులకు క్రొత్త ప్రకటన వెలువడెను. ఇన్ని మారులు ఒకే పరీక్షకు సిద్ధపడిన బాలుని మనస్సు నేమని చెప్పుదుము?

అట్టివాని నొకని మేమెరుగుదుము. చౌటుప్పలు దిక్కున నొక నేత కుటుంబములోనివాడు. తండ్రి మగ్గము నమ్మి పంపిన ధనముతో చదువుచుండెను. అతని గదికి మేము పోయినపుడు గోడపై కాలపట్టికయు, దానిప్రక్క తండ్రి నేసిన యొక దుప్పటియు నుండెను. “ఎన్నేండ్లైనది నాయనా?” యని యడిగితిమి. “ఆరవయేడు నడుచుచున్నది, పెదనాయనా” అనెను. “ఈ యేడు రానియెడల?” అని మేమడుగలేదు. అతడును చెప్పలేదు. కొంతసేపు మౌనముగా నుండి, “ఊరికి పోవుటకే జంకుగా నున్నది. దసరాకు పోయిన, ఎప్పుడు వచ్చును నౌకరియని యెదురుపడిన ప్రతివాడును అడుగును” అనెను. చదువు బరువుకంటె ఆ ప్రశ్న బరువే యతనికి హెచ్చని మాకు తోచెను. ఆ ప్రశ్న నడుగువారము మనమే.

ఇక జీతము దొరకినవారి స్థితి. 2018 సెప్టెంబరు 24 న అమీరుపేటనుండి ఎల్.బి. నగరము వరకు మెట్రో నడువసాగెను. మరుసటి యేడు హైటెక్ సిటీకిని మార్గ మేర్పడెను. ఎల్.బి. నగరమున నెక్కిన యువతి అమీరుపేటలో బండి మారి పడమటికి పోయి, రాత్రి మరల తిరిగివచ్చును. వీరి తలిదండ్రులు కలలోనైన చూడని జీతము వీరికి కలదు. ఇల్లు కట్టిరి, చెల్లెండ్రకు పెండ్లిండ్లు చేసిరి, తండ్రిని గుంటనుండి లేపిరి. ఇది సామాన్యమైన ఘనత కాదు. కాని అమెరికావారి పగలు మనకు రాత్రి గదా! వారి వేళలకు మన నిద్ర నొప్పగించి, ఎవ్వరి కొరకు చేయుచున్నామో తెలియని పనిని, ఎప్పుడు తీసివేయుదురో తెలియని కొలువును నమ్ముకొని, ముప్పదియేండ్లకే రక్తపోటు మాత్రలు మ్రింగువారిని మేము మన బంధువులలోనే చూచుచున్నాము.

ఒత్తిడి ఎచ్చటనుండి పుట్టును?

“పనియన్న కష్టముండదా? మా తండ్రులు పడలేదా?” యని కొందరు పెద్దలు గద్దింతురు. న్యాయమైన ప్రశ్నయే. దానికి విదేశపండితుల పరిశోధన కొంత సమాధాన మిచ్చుచున్నది.

1967 లో లండనున ప్రభుత్వోద్యోగుల యారోగ్యమును పరీక్షింప నారంభించిరి. అధికారభారము వహించు పై యధికారులే గుండెజబ్బున చత్తురని లోకుల నమ్మకము. తేలినది దానికి విరుద్ధము. క్రిందిశ్రేణి నౌకరులలోనే మరణములు హెచ్చు. 1985 లో మొదలైన రెండవ పరిశోధనలో దీనికి గల కారణములలో నొకటి బయలుపడెను. తన పనిమీద తనకు పట్టులేమి గుండెకు హాని చేయుచుండెను. 1979 లో అమెరికాయందు రాబర్టు కరాసెక్ అను పండితుడును ఇట్టి సిద్ధాంతమునే ప్రతిపాదించెను. పని యెక్కువైనంత మాత్రమున మనిషి కుంగడు. పని యెక్కువై, అది యెట్లు చేయవలెనో నిర్ణయించు స్వేచ్ఛ తక్కువైనపుడు కుంగును. అట్లని గంటలకు హద్దు లేకుండరాదు. వారమునకు 55 గంటలు, అంతకుమించి పనిచేయుటవలన పక్షవాతము, హృద్రోగము కలిగి 2016 వ సంవత్సరమున లోకమంతట 7 లక్షల 45 వేలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థయు అంతర్జాతీయ కార్మికసంస్థయు 2021 లో లెక్కగట్టి ప్రకటించినవి.

ఇప్పుడు మన చరిత్రను వెనుదిరిగి చూడుడు. నేతగాడు నాడెమీద పట్టు గలిగి వెలమీద పట్టు లేక చెడెను. మిల్లుకూలి వేళమీద పట్టు కోల్పోయెను. పరీక్షార్థి తన భవిష్యత్తుమీదనే పట్టు కోల్పోయెను. కంపెనీ యుద్యోగి నిద్రమీద పట్టు కోల్పోయెను. జీతములు వేరు, కాలములు వేరు, దుఃఖము మాత్ర మొక్కటియే. కావున మంచి యుద్యోగమనగా సుఖాసనము కాదు. తన శ్రమమీద తనకు పట్టు మిగిల్చునదియే మంచి యుద్యోగము.

ఒక తల్లి భుజము

ఈ మూడు కొలతలను సమము చేయవచ్చునని చూపినవాడు మన కులముననే కలడు. ఆలేరు ప్రాంతపు శారాజీపేటలో జన్మించిన చింతకింది మల్లేశముగారు బడి చదువును ఆరవ తరగతితో మానవలసివచ్చినవారు. వారి తల్లి లక్ష్మమ్మగారు దినదినము ఆసు పోసెడివారు. ఒక్క చీరకు సుమారు 9 వేల మారులు చేయి ముందుకు వెనుకకు ఆడవలెను. దినమునకు రెండు చీరలైన 18 వేల మారులు. భుజము పడిపోవుచున్న తల్లిని చూచి, ఈ పనిని యంత్రముచే చేయింపరాదా యని యాయన సంకల్పించెను.

అది 1990 దశకము. నేర్పువాడు లేడు, చేతిలో సొమ్ము లేదు. ఊరిలో కొందరు వెఱ్ఱివాడనిరి. హైదరాబాదున కూలిపనికి పోయినపుడు కర్మాగారములలోని యంత్రముల కదలికలు చూచి, తనకు కొరవడిన భాగమును గ్రహించి, 1999 లో ఆసుయంత్రమును పూర్తిచేసెను. దానికి తల్లి పేరే పెట్టెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగెను. 2017 లో ప్రభుత్వమువారు ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చిరి. 2019 లో ఆయన కథ చలనచిత్రముగాను వచ్చెను.

బిరుదముకంటె మాకు ముఖ్యమైన దొకటి కలదు. ఆ యంత్రము నేతను చంపలేదు. నేతలోని వృథాశ్రమను మాత్రమే తీసివేసెను. చేతినేర్పు చేతిలోనే నిలిచెను, నొప్పి పోయెను, మిగిలిన గంటలలో మరియొక చీర నేయుటకు వీలు కలిగెను. తృప్తి చెడక, శ్రమ తగ్గి, రాబడి పెరిగెను. లెక్కలోనికి రాని ఇల్లాలి గంటలను మొట్టమొదట లెక్కించినవాడు ఆమె కొడుకే. సర్కారు నౌకరియు కాదు, సముద్రము దాటిన జీతమును కాదు, తనవారి పనినే కన్నులు తెరచి చూచుటవలన నిది సాధ్యమయ్యెను.

ఇట్టి మధ్యమమార్గములు నేడు పెక్కు కలవు. పోచంపల్లి ఇకతుకు 2005 లో భౌగోళికసూచిక గుర్తింపు లభించెను. 2024 లో హైదరాబాదున చేనేత సాంకేతికవిద్యాసంస్థ ప్రారంభమై, కొండా లక్ష్మణు బాపూజీగారి పేరు దాల్చినది. నమూనాలు గీయుట, రంగుల రసాయనము, వస్త్రపరీక్ష, విదేశవ్యాపారపు లెక్క, ఇవన్నియు జీతమిచ్చు పనులే. మన ఇంటి విద్యకు దగ్గరివే. నేతకు వెలుపలను, ఔషధశాలలలోని పరీక్షకులు, దాదులు, కంటిపరీక్ష చేయువారు, భూమికొలతగాండ్రు, విద్యుత్పనివారు, పద్దులు వ్రాయువారు మొదలగువారి యవసరము పట్టణమున కెన్నడును తీరునది కాదు. వీనిలో కోటీశ్వరు లెవ్వరును కారు. కాని తగిన చోటు కుదిరిన, చేసినపని కంటి కెదురుగా కనబడును, గౌరవముగా బ్రదుకవచ్చును, రాత్రి ఇంటికి చేరవచ్చును.

మన కర్తవ్యము

కావున మహాసభకును, పోషకులైన ధనవంతులకును మా విన్నపములు నాలుగు.

మొదటిది: పట్టణమునకు వచ్చు బాలబాలికలకు దిల్‌సుఖ్‌నగర ప్రాంతమున వసతి కల్పించుటకు చందాలు కూర్చునపుడు, గోడలతోపాటు సలహాయును కట్టవలెను. పోటీపరీక్షకు రెండు మూడేండ్ల గడువు పెట్టుకొని, ఆ కాలముననే మరియొక పని నేర్చుకొనిన విద్యార్థికి ముందుగా సాయమందవలెను. గడువు దాటినవానిని ఓడినవాడని త్రోసిపుచ్చక, రెండవ దారి చూపవలెను.

రెండవది: పింఛను పుచ్చుకొన్న యుద్యోగులు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు ఈ తూర్పు పేటలలో పెక్కుమంది మన వారు కాపురమున్నారు. నెలకొక ఆదివారము పిల్లలతో కూర్చుండి తమ కొలువున నిజముగా నేమి జరిగినదో, జీతమెంతయో, మనోభారమెంతయో దాచక చెప్పినచో అది వేయి రూపాయల చందాకంటె మిన్న.

మూడవది: నేయువారికి సన్మానపు శాలువలు చాలును. ఇక ఆసుయంత్రములను, నూలు కొనుటకు మూలధనమును ఇప్పింపవలెను. నేతగానికి నేసిన శాలువనే కప్పుట యేమి గౌరవము?

నాలుగవది ఖర్చులేనిది, కాని కష్టమైనది. పెండ్లి సంబంధము మాటలాడునపుడు “అబ్బాయి జీతమెంత?” అని మనమడుగుదుము. “నిద్ర పట్టునా? తన పనిని గూర్చి ఇంటిలో సంతోషముతో చెప్పునా?” అని యడుగుట నేర్తుము గాక. అమ్మాయి యుద్యోగమును గూర్చియు అట్లే. పండుగకు వచ్చిన బాలుని “నౌకరి యెప్పుడు?” అని యడుగుట మానుదుము గాక. “తిన్నావా, నాయనా?” అని యడుగుదుము గాక.

పడుగు మిక్కిలి బిగిసిన తెగును. మిక్కిలి వదులైన నేత కుదురదు. ఎంత బిగువున నిలుపవలెనో మన తాతలకు వ్రేలికొనకు తెలియును. ఆ విద్యను మగ్గముననే విడిచిపెట్టక, బిడ్డల బ్రదుకులను దిద్దుటయందును వినియోగింతుమని యాశించుచున్నాము.